కంది వేరులోని ఒడంబడిక

2025వ సంవత్సరపు వానకాలమున తెలంగాణ పల్లెలలో కనబడిన దృశ్యమును మన పాఠకులు మఱచియుండరు. సహకార సంఘముల గుమ్మముల ముందు తెల్లవారక పూర్వమే రైతులు బారులు తీరిరి. నిలువ నోపనివారు తమ చెప్పులను, పాసుపుస్తకములను వరుసలో నుంచి ప్రక్కన కూలబడిరి. నాట్లు పడి, పైరు పచ్చబడవలసిన వేళ, చేలో ఉండవలసిన మనిషి ఒకటి రెండు యూరియా బస్తాల కొఱకు దినమంతయు వీథిలో నిలువవలసి వచ్చినది. దోషము కేంద్రమువారిదా, రాష్ట్రమువారిదా అను వాదము అప్పుడే కావలసినంత జరిగినది. ఆ వాదమును మేము తిరిగి త్రవ్వబోము. మేము అడుగదలచినది వేఱొక ప్రశ్న. ఒక బస్తా ఉప్పునకై ఇంతటి దైన్యము మనకు ఏల కలిగినది?

ఆ బస్తాలో ఉన్నది నత్రజని. మన చేలమీద వీచు గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. వెన్న చేతబట్టుకొని నేతికై ఊరంతయు తిరిగినట్లున్నది మన స్థితి. గాలిలోని నత్రజనిని పైరు తానుగా గ్రహింపజాలదు. దానిని అమ్మోనియాగా మార్చు ఉపాయమును జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హేబరు కనుగొనగా, బాష్ అను ఇంజనీరు దానిని పెద్ద యంత్రములకు ఎక్కించెను. 1913లో ఓపౌ పట్టణమున మొదటి కార్ఖానా పనిచేయసాగినది. నాలుగైదు వందల డిగ్రీల వేడి, వాయుమండలపు ఒత్తిడికి నూఱు రెట్లు మించిన ఒత్తిడి, సమృద్ధిగా సహజవాయువో బొగ్గో ఉండిన గాని ఆ పని జరుగదు. మన రామగుండము కర్మాగారము బొగ్గుతో నడచి, 1999లో మూతబడి, 2021లో సహజవాయువుతో తిరిగి ప్రాణము పోసికొన్నది. ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా తీయగల శక్తి దానికి కలదు. ఆ కర్మాగారమును మేము తక్కువ చేయుట లేదు. అయినను దేశమునకు కావలసిన వాయువులో పెద్దభాగము ఓడలపై వచ్చుచున్నంత కాలము, ఎక్కడనో ఒక సముద్రద్వారమున కలత పుట్టినచో దాని వేడి మన వరిమడికి తగులక మానదు.

ఇట్టి మహాగ్నితో చేయు కార్యమునే నిశ్శబ్దముగా, మన కాళ్ళక్రింద, ఏ పొగయు లేకుండ చేయుచున్న కర్మాగారము మఱొకటి కలదు. దానిని చూడగోరువారు దూరము పోనక్కఱలేదు. హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్ ప్రాంతమునకు చేరువనున్న బౌరంపేటకు పోయిన చాలును. ఒకప్పుడు ఎఱ్ఱ చెలకలతో నిండిన ఈ వైపున నేడు బాహ్యవలయ రహదారి, ఎత్తైన భవనములు, ప్లాట్ల హద్దురాళ్ళు కనబడుచున్నవి. అయినను మిగిలిన చెలకలో విత్తిన కందిని, విత్తిన నలుబది దినముల తరువాత, పెకలింపక, మట్టితో సహా త్రవ్వి తీసి, నీటిలో మెల్లగా కడిగి చూడుడు. వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు అంటియుండును. ఒక బుడిపెను గోటితో చీల్చినచో లోపల గులాబి రంగో, ఎఱుపో కనబడును. మన రక్తమునకు ఎఱుపునిచ్చు పదార్థమునకు దగ్గఱి బంధువగు లెగ్‌హీమోగ్లోబిన్ అను పదార్థము వలన ఆ రంగు కలుగుచున్నది. ఎఱుపున్నచో కర్మాగారము నడచుచున్నదని గుఱుతు. తెల్లగనో, ఆకుపచ్చగనో ఉన్నచో అది పనిచేయుట లేదని అర్థము.

కంది వేసిన నేల మరుసటి పైరునకు బలమని మన కాపులు తరతరములుగా ఎఱుగుదురు. జొన్న సాళ్ళ నడుమ కంది సాలు వేయుట మన మెట్టసేద్యమున పూర్వాచారము. దాని కారణమును పాశ్చాత్య శాస్త్రము 1886లో గాని కనుగొనలేదు. ఆ యేట జర్మనీలో హెల్‌రీగెల్ అను పండితుడు కాయజాతి మొక్కల బుడిపెలకును గాలిలోని నత్రజనికిని సంబంధము కలదని ప్రకటించెను. 1888లో హాలండు దేశపు బైయరింక్ ఆ బుడిపెలలోని సూక్ష్మజీవిని వేఱుచేసి చూపెను. దానినే నేడు రైజోబియం అనుచున్నాము. మొక్క చక్కెరను ఇచ్చును. సూక్ష్మజీవి నత్రజనిని ఇచ్చును. ఇది దానము కాదు, దోపిడియు కాదు. సమానుల నడుమ కుదిరిన ఒడంబడిక.

ఈ ఒడంబడికను వ్రాసియుంచినది ఎక్కడ? మొక్క జన్యువులలోనే. నేలలో నత్రజని కొఱవడినపుడు వేరు ఒక విధమైన రసాయనమును మట్టిలోనికి విడుచును. అది ఆహ్వానము. తగిన రైజోబియం దానిని గ్రహించి వేఱొక రసాయనముతో బదులు పలుకును. ఆ పలుకు మిత్రునిదో శత్రునిదో తెలిసికొనుటకు వేరు పైపొరలో ద్వారపాలకులవంటి గ్రాహకములు కలవు. వానిని నిర్మించు రెండు జన్యువులను 2003లో డెన్మార్కు దేశమునందలి ఆర్హస్ విశ్వవిద్యాలయమువారు లోటస్ అను చిన్న కాయజాతి మొక్కలో గుర్తించిరి. ద్వారము తెఱచుకొన్న పిమ్మట వార్త కణగర్భమునకు పోవును. అచ్చట కాల్షియము అలలుగా లేచి పడును. ఆ అలలను చదువు జన్యువు ఒకటి, చదివినదానిని ఆజ్ఞగా మార్చు జన్యువు మఱొకటి. ఆజ్ఞ నిచ్చువానిలో ముఖ్యమైనది నిన్ అను జన్యువు. అది 1999లో తెలియవచ్చినది. ఈ వరుసలో ఏ ఒక్క కడియము తెగినను బుడిపె పుట్టదు.

ఈ విషయము కేవలము పరదేశపు ప్రయోగశాలల ముచ్చట అని మన పాఠకులు తలంపరాదు. బౌరంపేటకు పడమట నాలుగైదు క్రోసుల దూరమున, పటాన్‌చెరువు వద్ద, 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాలయము కలదు. అక్కడి శాస్త్రజ్ఞులు వేరుసెనగ సంకరముల సంతతిలో బుడిపెలు ఒక్కటియు లేని మొక్కలను కనుగొని, 1980లో ఆ సంగతిని ప్రకటించిరి. అవి పచ్చని చేనిలో పసుపుబారి, బక్కచిక్కి నిలిచినవి. లెక్క తీయగా, రెండు జన్యువులు రెండును చెడినపుడే ఆ దుర్గతి కలుగుచున్నదని తేలినది. ఒకటి చెడినను రెండవది కుటుంబమును ఈడ్చుకొని వచ్చును. రెండును పోయిన నాడు ఇల్లు చీకటి. తరువాత శనగలోను అట్టి గొడ్డువేళ్ళ మొక్కలను ఆ సంస్థవారే కనుగొనిరి. ఒకే రకపు శనగలో బుడిపెలు విస్తారముగా పట్టు మొక్కలు, తక్కువగా పట్టు మొక్కలు, బొత్తిగా పట్టని మొక్కలు కలసియున్నవని 1990ల ఆరంభమున రుపేలా అను శాస్త్రజ్ఞుడు చూపెను. ఈ సంగతిని మన వ్యవసాయాధికారులు పదే పదే మననము చేయవలెను. ఏలయనగా, కంటికి ఒకే తీరుగ కనబడు విత్తనములో ఈ శక్తి కలదియు, లేనిదియు కలసియుండవచ్చునన్నమాట.

కంది విషయమున మఱియొక లెక్క కలదు. పటాన్‌చెరువు భూములలో కంది వేసిన పిమ్మట మొక్కజొన్న వేసి చూడగా, ముందటి కంది వలన కలిగిన మేలు హెక్టారునకు సుమారు 40 కిలోల నత్రజని వేసినదానితో సమానమని 1983లో ప్రకటించిరి. ఎకరమునకు లెక్కకట్టిన 16 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉన్న నత్రజని సుమారు 21 కిలోలు. అనగా కంది తన గింజను మనకిచ్చి, తన కూడు తాను తిని, ఆకు రాల్చి, వేరు విడిచి, పోవుచు పోవుచు ఎకరమునకు ముక్కాలు బస్తా యూరియాకు సరిపడు సొమ్ము నేలకు ఒప్పగించి పోవుచున్నది. దానికై ఏ వరుసలోను చెప్పులు పెట్టనక్కఱలేదు.

2011లో కంది జన్యుపటము తయారైనది. పటాన్‌చెరువు కేంద్రముగా వర్ష్‌నే ప్రభృతుల బృందమొకటి, ఢిల్లీ కేంద్రముగా భారత శాస్త్రజ్ఞుల బృందమొకటి, ఇంచుమించు ఒకే కాలమున 'ఆశ' అను కంది రకమును తీసికొని ఆ పని నెరవేర్చిరి. పటాన్‌చెరువువారు 48,680 జన్యువులను లెక్కించిరి. పేదవాని పప్పుగింజకు ఈ గౌరవము దక్కుటకు మేము గర్వించుచున్నాము. కాని పటము గీచుట వేఱు, ఆ దారిని నడచుట వేఱు.

ఆ దారికి అడ్డమేమి? ఇక్కడ ప్రకృతి ధర్మమొకటి మన పాఠకులు గమనింపవలెను. నేలలో తయారైన నత్రజని దండిగా దొరకినపుడు కాయజాతి మొక్క తన ఆహ్వానమును తగ్గించును. బుడిపెలు కొద్దిగా పుట్టును. పుట్టినవియు చక్కగా పనిచేయవు. ఈ అదుపునకును జన్యువులే కారణము. 1985లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ అదుపు తప్పిన సోయా మొక్కలను సృష్టించిరి. ఎఱువు వేసినను వానికి బుడిపెలు లెక్కకు మించి పుట్టినవి గాని, మొక్క గిడసబారినది, దిగుబడి పెరుగలేదు. అతి సర్వత్ర వర్జయేత్ అన్న మాట వేరునకును వర్తించునన్నమాట. కావున ఆ అదుపు దోషము కాదు; అది మొక్క పాటించు గృహస్థ ధర్మము. బయట నుండి వండిన అన్నము వచ్చునపుడు పొయ్యి రాజవేయువాడెవడు?

మన పరిశోధనా క్షేత్రముల పద్ధతిని ఈ దృష్టితో చూడుడు. క్రొత్త రకమును ఎన్నుకొనునపుడు గింజ బరువు, పంటకాలము, తెగులును తట్టుకొను శక్తి, ఇవియే ముఖ్యములు. వేరును త్రవ్వి చూచి బుడిపెలకు మార్కులు వేయుట అరుదు. నత్రజని వేసిన మడిలో అన్ని రకములను పెంచి పోల్చినచో, స్వశక్తితో బ్రతుకగలది ఏదో, పరాన్నముతో బ్రతుకునది ఏదో తెలియు మార్గమేది? పరీక్షింపని విద్య ఒక తరమునకు కాకున్న మఱొక తరమునకు జారిపోవును. ఇది మా ఊహ మాత్రమే కాదు. కాయజాతి మొక్కలకు బంధువులైన అనేక వృక్షజాతులు ఒకానొక కాలమున బుడిపెలు కట్టు శక్తి కలిగియుండి, తరువాత నిన్ జన్యువును పోగొట్టుకొని, ఆ శక్తికి దూరమైనవని 2018లో వివిధ దేశముల శాస్త్రజ్ఞులు జన్యుపటములను సరిపోల్చి చూపిరి. లక్షల ఏండ్లలో ప్రకృతి చేసిన నష్టమును మనము అశ్రద్ధచేత కొన్ని దశాబ్దములలో మన పంటలకు చేయకుందుము గాక!

ఇక వరి, గోధుమ, మొక్కజొన్నలకే ఈ విద్య నేర్పిన బాగుండునుగదా అను ప్రశ్న కలుగును. శాస్త్రజ్ఞుల కల అదియే. ఆ కలకు ఆధారము లేకపోలేదు. వేళ్ళకు భాస్వరమును అందించు ఒక విధమైన శిలీంధ్రముతో పైరులకు నలుబది కోట్ల ఏండ్లుగా చెలిమి కలదు. కాయజాతివారు రైజోబియంతో చేసికొన్న ఒడంబడికలో సగము ఆ పాత ఒడంబడిక నుండి అరువు తెచ్చుకొన్నదే. కాల్షియము అలలను చదువు జన్యువు మన వరిలోను కలదు. 2025లో ఆర్హస్‌వారు మఱొక వింతను ప్రకటించిరి. శత్రువులను పసిగట్టు గ్రాహకమందు రెండే రెండు అమైనో ఆమ్లములను మార్చినచో అది మిత్రుని స్వాగతించు గ్రాహకముగా మారుననియు, బార్లీ గ్రాహకమునందును అట్టి మార్పు సాధ్యమనియు వారు చూపిరి. ఇది నిజముగా గొప్ప సంగతి. కాని ద్వారము తెఱచినంత మాత్రమున గృహప్రవేశము కాదు. బుడిపె కట్టవలెను, అందు సూక్ష్మజీవిని నిలుపవలెను, ప్రాణవాయువు దానిని చంపకుండ కాపాడవలెను, చక్కెరతో మేపవలెను. పొలములో తన నత్రజనిని తాను బుడిపెలతో సంపాదించుకొను వరి ఇంతవరకు పుట్టలేదు. పుట్టినదని చెప్పి పొట్లము అమ్మజూపు వర్తకుడు వచ్చినచో, మన రైతులు అతనికి నమస్కారము పెట్టి పంపుట మేలు.

ఆ దినము వచ్చినపుడు ఆ విత్తనము ఎవరి సొత్తు? ఈ ప్రశ్నను నేడే అడుగవలెను. బీటీ ప్రత్తి 2002లో మన దేశమునకు వచ్చినపుడు 450 గ్రాముల పొట్లము 1,600 రూపాయలకు పైబడి అమ్మిరి. అందు అధికభాగము ఆ ఒక్క జన్యువునకు చెల్లించిన సుంకమే. 2006లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గుత్తవర్తక నిరోధక కమిషను నెదుట వాదించి, పొట్లము ధరను 750 రూపాయలకు దింపినది. ఆ అనుభవము మనకు పాఠము కావలెను. వరిలో నిలిపిన చెలిమి జన్యువులకు హక్కుదారు ఒక కంపెనీయే అయినచో, నేడు బస్తాకు నిలిచిన వరుసయే రేపు పొట్లమునకు నిలుచును. గాలికి సుంకము కట్టినట్లగును. పటాన్‌చెరువు విత్తనాగారములోని లక్షకు పైగా విత్తన నమూనాలు మన తాతలును, ఇతర దేశముల కాపులును తరతరములు కాపాడి ఇచ్చినవే. 1994లో జరిగిన ఒప్పందముచేత అవి లోకమంతటి తరఫున ధర్మకర్తృత్వముగా ఉంచబడినవి. 2001నాటి మన చట్టము పండించిన విత్తనమును దాచుకొనుటకు, విత్తుటకు, మార్చుకొనుటకు, ముద్రవేసి అమ్మనంతవఱకు అమ్ముకొనుటకు రైతునకు హక్కిచ్చినది. ఈ ధర్మకర్తృత్వమును, ఈ హక్కును రాబోవు జన్యువిద్యకును వర్తింపజేయుటయే ప్రభుత్వముల కర్తవ్యము. ప్రజల ధనముతో, ప్రజల విత్తనముతో కనుగొన్నది ప్రజలకే చెందవలెను.

వరికి ఆ విద్య వచ్చునంతవఱకు చేతులు కట్టుకొని కూర్చుండుట వివేకము కాదు. ఏ జన్యువులను వరిలో నిలుపుటకు సీమలవారు కోట్లు వెచ్చించుచున్నారో, ఆ జన్యువులు మన కందిలో, పెసరలో, బొబ్బరలో, ఉలవలో, అనుములో, వేరుసెనగలో ఇదివరకే కలవు. పెరటిచెట్టు మందునకు రాదన్న సామెత ఊరక పుట్టలేదు! ఒకవైపు విదేశపు వాయువుతో యూరియా చేసి వరికి పోయుచున్నాము. మఱొకవైపు 2021 మే నెల నుండి కంది దిగుమతులపై పరిమితులు తొలగించి, ఆ అనుమతిని మరల మరల పొడిగించి, బర్మా, మొజాంబిక్ దేశముల కందిని తెచ్చి తిను చున్నాము. నత్రజనిని కొనుచు, నత్రజనిని కూర్చు పంటను కూడ కొనుచున్న దేశము తన సంసారమును చక్కదిద్దుకొన్నదని చెప్పగలమా?

వరి వేసినచో కొనువాడు కలడు. కంది వేసినచో ధర పడిపోవును. కావున రైతు వరినే వేయునని కొందఱు చెప్పుదురు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. 2025–26 పంటకాలమునకు కేంద్రమువారు కందికి క్వింటాలునకు 8,000 రూపాయల మద్దతు ధర ప్రకటించిరి. ధర ప్రకటించుట వేఱు, ఆ ధరకు కళ్ళమున కొనుట వేఱు. వరిని కొన్నంత పట్టుదలతో కందిని కొన్ననాడు రైతును నిందించుటకు మనకు నోరుండును. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ ఖ్యాతికి తగిన కొనుగోలును, తగిన విత్తనమును ఏర్పఱచినచో మెట్టరైతు తిరిగి కందివైపు చూడక మానడు.

మేము కోరునవి మూడు. మొదటిది: వ్యవసాయ విశ్వవిద్యాలయములు క్రొత్త కాయజాతి రకములను విడుదల చేయకమునుపు, ఎఱువు వేయని మడిలో ఒకసారి పెంచి, వేళ్ళు త్రవ్వి, బుడిపెల శక్తిని పరీక్షించి, ఆ ఫలితమును విత్తన సంచిపై రైతునకు తెలియునట్లు అచ్చువేయవలెను. రెండవది: దుకాణములలో అమ్ము రైజోబియం పొట్లములలో ప్రాణమున్న సూక్ష్మజీవులు ఉన్నవో, ఉత్త బూడిదయే ఉన్నదో తనిఖీ చేయు ఏర్పాటు జిల్లాజిల్లాకు ఉండవలెను. మూడవది: చెలిమి జన్యువులపై మన శాస్త్రజ్ఞులు చేయు పరిశోధనకు ప్రభుత్వమే ధనమిచ్చి, ఫలమును పొలములకు ఉచితముగా అందజేయవలెను.

భూస్వాములగు మన పాఠకులకు ఒక మనవి. ప్రభుత్వము చేయువఱకు మీరు ఆగనక్కఱలేదు. వచ్చు పునాసకు మీ మెట్టలో జొన్న నడుమనో, మొక్కజొన్న నడుమనో కంది సాళ్ళు వేయుడు. ఎకరపు విత్తనమునకు 200 గ్రాముల మంచి రైజోబియం కల్చరును బెల్లపు నీటితో పట్టించి, నీడను ఆరబెట్టి విత్తుడు. వరిమడికి ముందు జీలుగయో, జనుమో చల్లి, పూత దశలో కలియదున్నుడు. నలుబదవ దినమున మీ పిల్లలను వెంటబెట్టుకొని చేనికి పోయి, ఒక కంది మొక్కను త్రవ్వి, బుడిపె చీల్చి చూపుడు. పట్టణవాసులు ఇంటి ప్రక్కనున్న ఖాళీ స్థలములో నాలుగు అనుము గింజలు నాటి చూడవచ్చును. బౌరంపేట చెలకలు ఇండ్ల స్థలములగుచున్న ఈ కాలమున, నేల అనగా చదరపు గజముల లెక్క మాత్రమే కాదని మన పిల్లలు తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన పాఠము లేదు.

ఆ బుడిపె లోపల ఎఱుపు కనబడినచో, ఒడంబడిక ఇంకను చెల్లుబాటులో నున్నదని సంతోషింపుడు. కనబడకున్నచో, దానిని చెఱిపినవారు ఎవరో, తిరిగి వ్రాయవలసినవారు ఎవరో ఆలోచింపుడు.